సగం గ్లాసు వెండి నీళ్లు

మార్చి 9, ఆదివారం

పత్తి మిల్లువాళ్లు కొత్త సంవత్సరానికి పంపిన డైరీ ఇది. రెండు నెలలుగా వంటింట్లో ఉప్పు డబ్బా కింద ఎత్తు కోసం పెట్టాను. ఈ రోజు డబ్బా జరిపి తీశాను. మనుషులకు చెప్పుకుంటే సలహాలు తిరిగొస్తున్నాయి. కాగితానికి ఆ జబ్బు లేదు.

మా ఆయనకు రెండు కిడ్నీలూ పోయాయని తెలిసిన దగ్గర్నుంచి మా ఇల్లు జాతరయింది. జనగామలో ఇంతమంది డాక్టర్లున్నారని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఎదురింటి బుచ్చమ్మ కొండపిండాకు తెచ్చింది. ఇంకొకామె ఉలవలు ఉడికించిన నీళ్లు చెంబెడు తాగించమన్నది. తాగే నీళ్లకే లెక్క ఉన్న మనిషికి! మార్కెట్లో మాలాగే రైతుల పత్తి కమీషన్‌కు అమ్మిపెట్టే ఆడ్తి దుకాణం నడిపే ఒక పెద్దమనిషి వచ్చి, తన బావమరిది కిడ్నీ జబ్బుతో ఎట్లా పోయాడో మొదట్నుంచి చివరిదాకా చెప్పి, "ధైర్యంగుండు జనార్దన్" అని ఆయన భుజం తట్టి, రెండోసారి చాయ్ అడిగి మరీ తాగి వెళ్లాడు. పరామర్శ అంటే ఇదీ. ఇంకా బతికే ఉన్నాడని కాస్త నిరాశపడి పోతున్నారు.

వారానికి మూడు దినాలు జిల్లా దవాఖానలో డయాలసిస్. మంగళ, గురు, శని. మిగిలిన రోజులు దుకాణంలో గద్దె మీద కూర్చుంటాడు. పత్తి తెచ్చిన రైతులు కూడా తూకం కంటే ముందు ఆయన మొహం చూస్తున్నారు.

నా కిడ్నీ ఆయనకు సరిపోతుందని డిసెంబరులోనే తేలింది. మా పృథ్వీది గ్రూపు కలవలేదు. ఆ మాట విన్నప్పుడు కొడుకు మొహంలో కనబడిన నిమ్మళం చూశాను. చూడనట్టే ఉన్నాను. ఎండాకాలంలో హైదరాబాదులో నాకు ఇంకోసారి పరీక్షలు చేస్తారు. అన్నీ బాగుంటే ఆపరేషన్.

నాకేం భయం లేదు. రాసిపెట్టుకుంటున్నాను, భయం లేదు.

మార్చి 11, మంగళవారం

కాటారం నుంచి మా తమ్ముడు రంజిత్ వచ్చాడు. అక్కడ వాడికి కిరాణం ఉంది. కిరాణం ఒక్కటే ఉంటే వాడు రంజిత్ ఎందుకవుతాడు? ఒక ఏడు కుందేళ్లు పెంచాడు. ఇంకో ఏడు అయస్కాంతం చెప్పులు అమ్మాడు. ఇప్పుడు చంకలో అట్టపెట్టె.

"అక్కా, గిది చూడు. రజతధార. నానో వెండి."

చిన్న సీసా. దాని మీద కిడ్నీ బొమ్మ, ఆ కిడ్నీకి రెండు కళ్లు, ఒక నవ్వు. కిడ్నీ నవ్వుతుందట.

"మామూలు వెండి గాదక్కా. కంటికి గానరానంత సన్నగ జేసిండ్రు. పొద్దున పరగడుపున గ్లాసు నీళ్లల్ల పది చుక్కలు. కిడ్నీలు కడిగినట్టయితయ్."

"కంటికి గానరానిది సీసల ఉన్నదని ఎట్ల తెలుసురా?"

"నీకన్నీ మజాకే. అమ్మ మనకు వెండి ఉగ్గుగిన్నెల పాలు పట్టిచ్చిందా లేదా? మనకేమన్న అయిందా?"

అయింది. ఒకడు ఇట్లా తయారయ్యాడు.

ఆయన మాత్రం సీసా చేతిలోకి తీసుకుని, అద్దాలు పెట్టుకుని, లేబుల్ మొత్తం చదివాడు. జబ్బుమనిషి ఏది ఇచ్చినా చదువుతాడు. "ఉండనియ్ కస్తూరీ. పిలగాడు అంత దూరంకెల్లి మోసుకొచ్చిండు" అన్నాడు. నలభై ఆరేళ్ల పిలగాడు. పెట్టె అటక మీదికెక్కింది.

మార్చి 12, బుధవారం

పొద్దున చుక్కలు కలిపి ఇచ్చాను. ఆయన సగం తాగి గ్లాసు కిటికీలో పెట్టాడు.

"మిగిలింది ఎవలు తాగాలె?" అన్నాను.

"నాకు నీళ్ల లెక్క ఉన్నది గదనే. సగం చాలు."

అదీ నిజమే. మోరీలో పోయడానికి చెయ్యి రాక నేనే తాగాను. నీళ్లకు బోళ్లు తోమిన చేతి వాసన.

మార్చి 15, శనివారం

సగం ఆయన, సగం నేను. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మా అత్త నేల మీద పడ్డ బియ్యపు గింజను కూడా ఏరించేది. ఆమె పోయింది, ఆ రోగం నాకు అంటించి పోయింది.

మార్చి 23, ఆదివారం

ఆయన చెల్లెలి కూతురు భవ్య హైదరాబాదు నుంచి మేనమామను చూడటానికి వచ్చింది. పళ్లు తెచ్చింది. అరటిపళ్లు. డయాలసిస్ మనిషికి అరటిపళ్లు పెట్టకూడదని కిడ్నీల మీద పరిశోధన చేసే పిల్లకు తెలియదు. బస్సు దిగి తొందరలో కొన్నానని నాలుక కరుచుకుంది.

ఈ పిల్ల చేసే పని ఏమిటంటే, గాజు పళ్లెంలో కిడ్నీ కణాలు పెంచుతుంది. రోజూ మేత వేస్తుంది, వెచ్చగా ఉంచుతుంది, పండగలకు కూడా ఇంటికి రాకుండా వాటిని చూసుకుంటుంది. బాగా పెరిగాక వాటికి విషం పెట్టి ఎన్ని చచ్చాయో చూస్తుంది. దీనికి డాక్టరేటు ఇస్తారట. మా ఇంటి ఎలుకలకు నేను చేసేది అదే, నాకెవరూ ఏమీ ఇవ్వలేదు.

కిటికీలో సీసా చూసి దాని మొహం మారింది.

"అత్తమ్మా, గిది మామయ్యకు ఇస్తున్నరా?"

"మా తమ్ముడు తెచ్చిండు."

"నేను చేసేది గిదే అత్తమ్మా. గిసుంటి వెండినే కిడ్నీ కణాల మీద ఏస్త. కొద్దిగైతే తట్టుకుంటయ్. రోజు రోజు పెంచుకుంట పోతే ఉబ్బుతయ్, పళ్లానికి పట్టుకొని ఉండలేక ఒకదానెనుక ఒకటి రాలిపోతయ్."

"గట్లయితే వెండి గిన్నెల పాలు తాగినోళ్లందరు చచ్చిండ్రా?"

"గిన్నె గిన్నె లెక్కనే ఉంటది, కడుపులకు పోదు. దీన్ని కణంలకు దూరేంత చిన్నగ చేసిండ్రు. కిడ్నీ పనే వడకట్టుడు గద. ఒంట్లకు ఏమొచ్చినా అది దాని మీదికెల్లి పోవాల్సిందే."

"అంటే మనిషికి గూడ గట్లనే అయితదా?"

"నిజం చెప్పాలంటే తెల్వదు అత్తమ్మా. పళ్లెంల చూసింది ఒంట్ల గూడ గట్లనే అయితదని నేను చెప్పలేను. గని తెల్వనిదాన్ని ఎందుకు తాగుడు?"

చెప్పలేను! ఇన్నేళ్ల చదువుకు ఫలితం ఆ ఒక్క మాట. ఊళ్లో అక్షరం రానివాళ్లందరికీ అన్నీ తెలుసు, చదువుకున్న దీనికి తెలియదు.

"సరే భవ్యా, పోయిన కిడ్నీలకు ఇంకేం పోతది?" అన్నాను.

ఏదో అనబోయింది. నేను చపాతీ వడ్డించాను. గెలిచాను కాబట్టి ఆమెకు ఇంకో చపాతీ కూడా వేశాను.

ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే రంజిత్‌ను ఇంత మాట అంటాడు. మా పుట్టింటివాళ్లను చులకన చేయడానికి ఈ ఇంటికి చాలా అవకాశాలు వచ్చాయి. ఇంకొకటి నా చేత్తో ఇవ్వను.

మార్చి 30, ఉగాది

మామిడికాయ ఆయనకు పడదు. బెల్లం కూడా ఎక్కువ వద్దట. వేపపువ్వు పడుతుంది. పచ్చడి మొత్తం ఈ ఇంటి కోసమే కనిపెట్టినట్టుంది.

టీవీలో పంచాంగం చదివే ఆయన మా ఆయన రాశికి ఆరోగ్యం దివ్యంగా ఉంటుందన్నాడు. టీవీ కట్టేశాను. పొద్దున నీళ్లు సగం మిగిల్చాడు. పండగపూట కూడా నాకు వెండి నీళ్లే తీర్థం.

ఏప్రిల్ 8, మంగళవారం

డయాలసిస్ వార్డులో ఆయన పక్క బెడ్డు అమర్‌సింగ్‌ది. మానుకోట జిల్లా, నర్సింహులపేట దగ్గర తండా. మానుకోటలో ఖాళీ దొరక్క ఇక్కడికి వస్తున్నారు. అతని భార్య తుల్సీబాయి మాట్లాడితే వార్డు ఆ చివరిదాకా వినపడుతుంది. మొగుడితో వాళ్ల భాషలో, నాతో తెలుగులో, నర్సుతో రెండూ కలిపి.

"అమ్మా, నువ్వు సారుకు కిడ్నీ ఇస్తున్నవంట గద! నేను గూడ ఇస్తనన్న. షుగరున్నదని నాది తీసుకోలే. నీది మంచి కిడ్నీ, నువ్వు అదృష్టమంతురాలివి."

కిడ్నీ కోయించుకోవడం అదృష్టమట. నవ్వొచ్చింది. సంచిలోంచి జొన్నరొట్టె తీసి సగం నా చేతిలో పెట్టింది. అడగలేదు, వద్దన్నా వినలేదు. అంత చనువు నాకు పడదు. రొట్టె మాత్రం మెత్తగా ఉంది.

ఇంతలో రంజిత్ బావను చూస్తానని వార్డుకే వచ్చాడు. చూపు ఇటు, చెయ్యి సంచిలో. అయిదు నిమిషాల్లో తుల్సీబాయి చేతిలో నవ్వే కిడ్నీ సీసా ఉంది. మొదటిది ఊరికేనట. ఆమె రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది.

భవ్య అన్న మాట గుర్తొచ్చింది. చెబుదామా అనుకున్నాను. ఆ పిల్లకే తెలియనిది నేనేం చెబుతాను? ఎవరి నమ్మకం వాళ్లది.

ఏప్రిల్ 19, శనివారం

రెండు మూడు రోజులుగా చెప్పు విప్పితే పాదం మీద పట్టీల అచ్చు అట్లాగే ఉండిపోతోంది. ఎండలు మండుతున్నాయి కదా. బాత్రూంలో నురగ కూడా. పనిమనిషి కడిగే మందు మార్చినట్టుంది, అడగాలి.

ఏప్రిల్ 27, ఆదివారం

పనిమనిషి మందు మార్చలేదట. ఈ రోజుల్లో ఎవరు నిజం చెబుతారు?

మే 5, సోమవారం

హైదరాబాదు. నెత్తురు తీశారు, మూత్రం తీసుకున్నారు, పొట్ట మీద జిగురు రాసి మిషన్ తిప్పారు. పక్క కుర్చీలో ఒకావిడ భర్తకు కిడ్నీ ఇవ్వడానికి వచ్చి, భయంతో దండకం చదువుతోంది. చదివేది కూడా తప్పులు. నేను సవరించాను.

మే 8, గురువారం

ఆపరేషన్ ఆగిపోయింది.

నా మూత్రంలో ప్రోటీన్ పోతోందట. డిసెంబరులో లేదు, ఇప్పుడు ఉంది. నెత్తురులో క్రియాటినిన్ కూడా పెరిగింది. ఈ స్థితిలో కిడ్నీ తీసుకోవడం కుదరదు, మీకే ప్రమాదం అన్నాడు డాక్టరు. మీసం సరిగా రాని కుర్రాడు. కంప్యూటరును చూస్తూ అన్నాడు, నన్ను చూసి కాదు.

"నొప్పి మాత్రలు ఏమైనా వాడుతున్నారా అమ్మా? పసరు మందులు, భస్మాలు, లేహ్యాలు?"

"నేనా?" అన్నాను.

అంత అవమానం నాకు ఎప్పుడూ జరగలేదు. కొండపిండాకు తెచ్చిన బుచ్చమ్మను గుమ్మంలోంచే పంపిన మనిషిని. "నేను గిసుంటియి ముట్ట. గవన్ని నమ్మేటోళ్లు వేరే ఉంటరు" అన్నాను.

పొద్దుటి డయాలసిస్ ముగించుకుని వచ్చిన ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నాడు. దారి పొడుగునా కారు కిటికీలోంచి బయటికే చూశాడు. ఆలేరు దాటాక నీళ్లు కావాలా అని అడిగితే వద్దని తల ఊపాడు.

మే 9, శుక్రవారం

ఈ రోజు ఆయన గ్లాసు మొత్తం తాగేశాడు. చుక్కలు కలిపిన నీళ్లు, అడుగుదాకా. నీళ్ల లెక్క ఏమైందో.

మే 10, శనివారం

ఈ రోజు కూడా ఖాళీ గ్లాసే. నిన్నటికీ ఈ రోజుకీ కలిపి బరువు పెరిగిందని వార్డులో నర్సు ఆయన మీద అరిచింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

మే 11, ఆదివారం

భవ్య ఫోన్ చేసింది. పరీక్ష సంగతి వాళ్లమ్మ చెప్పిందట. నా ఒంటి సంగతి నాకంటే ముందు హైదరాబాదుకు తెలుస్తుంది.

"అత్తమ్మా, కాళ్లు వాస్తున్నయా?"

"ఎండలకు."

"మూత్రంల నురగ వస్తున్నదా?"

ఫోన్ ఇంకో చెవికి మార్చాను.

"అత్తమ్మా, గా వెండి చుక్కలు మామయ్య ఒక్కడే తాగుతుండా?"

"మీ మామ సగమే తాగుతడు. మిగిలింది..."

మిగిలింది. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అటు నుంచి భవ్య కూడా ఏమీ అనలేదు. ఈ పిల్లకు నోరు మూసుకోవడం కూడా తెలుసని ఈ రోజు తెలిసింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అది కూడా ఎవరి నాలుక? పోయిన కిడ్నీలకు ఇంకేం పోతుందని అడిగి, ఉన్న కిడ్నీల్లో పోసుకున్నాను. రోజూ. పరగడుపున. ముక్కు చిట్లించుకుంటూ. రంజిత్‌ను వెక్కిరిస్తూ, సీసా మీద బొమ్మను వెక్కిరిస్తూ, భవ్యను వెక్కిరిస్తూ తాగాను. నమ్మి తాగినవాళ్లయినా నయం, వాళ్లకు నమ్మకమైనా మిగిలింది. నేను నమ్మకుండా తాగాను. సగం గ్లాసు నీళ్లు పారబోయలేక.

డాక్టరు అడిగినప్పుడు నాకు నిజంగా గుర్తు రాలేదు. మందు తాగానని కాదు, మిగిలింది తాగానని మాత్రమే నా లెక్క.

మే 12, సోమవారం

రాత్రంతా ఒకటే ఆలోచన. శుక్రవారం నుంచి ఆయన గ్లాసు ఎందుకు ఖాళీ చేస్తున్నాడు?

పొద్దున దుకాణానికి పోకముందే అడిగాను.

"ఇన్ని దినాలు సగం ఎందుకు మిగిల్చిండ్రు?"

"చెప్పిన గదా, నీళ్ల లెక్క."

"మరి మొన్నటిసంది లెక్క ఏడవోయింది?"

చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పెట్టింది విప్పి మళ్లీ పెట్టాడు.

"నాకెట్లాగు పోయినయ్ కస్తూరీ. మందు పోయిన దానికెందుకు, ఉన్నదానికి పట్టాలె అనుకున్న. తాగుమంటే నువ్వు తాగుతవా? మీ తమ్ముని మీద గంట నవ్వుతవు. ఎంగిలైనా మిగిలితె పారబొయ్యవని తెలుసు. అందుకే మిగిల్చిన."

"నాకు తెల్వకుండ?"

"నీకు తెలిసేటట్టు జేస్తె నువ్వు చేసేది ఉన్నదా? దవాఖానల ఆ డాక్టరు అడిగినప్పుడు నాకు సమజయింది. గందుకే నేనే మొత్తం తాగుతున్న."

"నోరిప్పి చెప్పరాదూ?"

"ఎట్ల చెప్పాలె?"

అప్పుడు అడగాల్సిన మాట అడిగాను. అడగకపోతే ఈ జన్మంతా నన్ను తినేసేది.

"ఎవల కోసం తాగిచ్చిండ్రు? నా ఒళ్లు బాగుండాలనా, రేపు మీకు రాబోయే కిడ్నీ బాగుండాలనా?"

నా కోసమే అని అంటాడనుకున్నాను. అని ఉంటే చెంబు విసిరేదాన్ని.

"రెండు" అన్నాడు. "ఏది ఎక్కువనో నాకు గూడ తెల్వదు."

షావుకారు! సరుకు చేతికి రాకముందే మేత వేశాడు. నేను వంటింట్లోకి వచ్చి స్టవ్ మీద పాలు పొంగిపోయేదాకా ఏడ్చాను. కోపంతో ఏడ్చాను. అబద్ధం చెప్పలేదని ఎక్కువ ఏడ్చాను. ఏం మనిషి! ముప్పై రెండేళ్ల కాపురంలో నిజం చెప్పడానికి ఈ ఒక్క రోజే దొరికింది.

మే 13, మంగళవారం

వార్డులో తుల్సీబాయిని వరండాలోకి పిలిచి చెప్పాను, ఆ సీసా ఇక ముట్టవద్దని.

"అయిపాయె గదమ్మా. మంచిగనే ఉన్నదని ఇంకోటి తెమ్మని మీ తమ్మునికి ఫోన్ గూడ చేసిన."

"ఎవలు తాగిండ్రు?"

"ఆయనే. ఒక్కొక్క దినం కక్కొస్తున్నదని సగంల వదిలిపెడితె నేను తాగిన. పారబోస్తమా అమ్మా?"

నా ఇల్లు వేరు, నా పద్ధతి వేరు అనుకుంటూ ఇన్ని రోజులు ఈమె పక్కన బల్ల మీద కూర్చున్నాను.

చెయ్యి పట్టుకుని కింద పరీక్షల గదికి తీసుకుపోయాను. ఆమె రానంది. నేను గట్టిగా అరిచాను. నా అరుపు వార్డు ఆ చివరిదాకా వినపడిందని తర్వాత ఆయన చెప్పాడు.

మే 15, గురువారం

తుల్సీబాయికి కూడా ప్రోటీన్ పోతోంది. షుగర్ వల్ల కావచ్చు, చుక్కల వల్ల కావచ్చు, దేనివల్లనో తేలదట. భవ్యను అడిగాను. "చెప్పలేను అత్తమ్మా" అంది. ఈసారి ఆ మాట విని నవ్వు రాలేదు.

రంజిత్ ఫోన్ ఎత్తడం లేదు. కాళేశ్వరం పుష్కరాలు మొదలయ్యాయి కదా, చాలా బిజీగా ఉన్నాడని వాడి భార్య అరుణ చెప్పింది.

మే 18, ఆదివారం

పొద్దున్నే హనుమకొండ పోయి, అక్కడ పుష్కరాల బస్సెక్కాను. నిలబడటానికి కూడా సందు లేదు. అందరి చేతుల్లో ఖాళీ సీసాలు, పుష్కర జలం తెచ్చుకోవడానికి. భూపాలపల్లి దాటాక పక్కనున్న ముసలమ్మ అడిగింది.

"కాళేశ్వరమేనా బిడ్డా?"

"కాదవ్వా. కాటారం."

"పుష్కరాలకు వచ్చి కాటారంల దిగుతవా? ఏం పాపం చేసినవే?"

జవాబు నా దగ్గర ఉంది. ఆమెకు చెప్పలేదు.

కాటారంలో దిగేసరికి రంజిత్ దుకాణం ముందు పందిరి. పందిరి కింద నీలం డ్రమ్ము. చలివేంద్రం పెట్టాడు. మా నాయిన బతికి ఉన్నన్నాళ్లు ప్రతి ఎండాకాలం పెట్టేవాడు, కుండలకు తడిగుడ్డ చుట్టి. అది చూసి ఒక్క క్షణం నా మనసు మెత్తబడింది. అప్పుడే వాడు అట్టపెట్టెలోంచి సీసా తీసి డ్రమ్ములో గుమ్మరించాడు. ఒకటి, ఇంకొకటి. తెడ్డు పెట్టి కలిపాడు. ఆగిన బస్సుల్లోంచి జనం దిగి వరుసలో నిలబడ్డారు. ఒక తల్లి ముందు బిడ్డకు తాగించి తర్వాత తాను తాగుతోంది.

"ఏందిరా గిది?" అన్నాను.

"అక్కా! ఎప్పుడొచ్చినవ్? పుణ్యానికి పోస్తున్ననే. అమ్ముతలేను. ఇంత ఎండల వస్తున్నరు పాపం, జర మంచిగుంటదని."

వాడి మొహం చూశాను. దొంగ మొహం కోసం వెదికాను. దారి పొడుగునా తిట్లు కూర్చుకున్నది దొంగ కోసం. అక్కడ దొంగ లేడు.

"నువ్వు తాగుతున్నవారా?"

"రోజు తాగుత. అరుణ గూడ తాగుతది. ఎందుకట్ల అడుగుతున్నవ్?"

దొంగయినా బాగుండేది. దొంగను పోలీసులకు పట్టియ్యొచ్చు. ఈ పిచ్చోణ్ని ఏం చెయ్యాలి? అమ్మ వెండి గిన్నెలో పాలు పట్టింది, అక్క నవ్వింది, బావ సీసా పట్టుకుని చదివాడు. ఎవరూ వాడికి వద్దని చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేను. మార్చిలోనే తెలుసు నాకు.

డ్రమ్ము మీద చెయ్యి వేసి తోశాను. కదల్లేదు. భుజం పెట్టి తోశాను. బోర్లా పడింది. నీళ్లన్నీ రోడ్డు మీదికి పోయాయి, వరుసలో ఉన్నవాళ్ల చెప్పులు తడిశాయి. "నీళ్లు పారబోసుడేంది, పాపం తగుల్తది!" అని ఎవరో అరిచారు. తగలనీ. నా జన్మలో నేను పారబోసిన నీళ్లు అవే.

"నా కిడ్నీ చెడ్డదిరా. గీ నీళ్లు తాగే. మీ బావకు ఇయ్యనీకి పనికి రాదన్నరు" అన్నాను.

రంజిత్ తడిసిన నేల మీదే కూర్చున్నాడు. కాసేపటికి లేచి, లోపలికి పోయి, అరుణను పిలిచి ఆమె చేతిలో ఉన్న గ్లాసు లాక్కున్నాడు. తర్వాత చిన్నప్పుడు దెబ్బలు తిన్నప్పుడు ఏడ్చినట్టు వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను కొట్టలేదు. కొట్టాలనుకున్నాను.

మిగిలిన సీసాలన్నీ గోనెసంచిలో వేసుకుని తిరుగు బస్సెక్కాను.

మే 20, మంగళవారం

డ్రమ్ము నీళ్లు రోడ్డు మీద పోయడం కూడా మంచిది కాదట, మట్టిలోకి పోతుందట. భవ్య చెప్పింది. దీని మొహం, ఏం చేసినా మార్కులు తగ్గించే టీచరమ్మ! సీసాలు మాత్రం ప్రయోగశాలలో పారేసే పద్ధతి ఉందని వచ్చి తీసుకుపోయింది. పోతూ పోతూ ఒకటి వేరుగా సంచిలో పెట్టుకుంది, కణాల మీద వేసి చూస్తుందట.

"చచ్చినయ్యో లేదో నాకు చెప్పు" అన్నాను.

"చెప్త అత్తమ్మా" అంది. వంగి నా కాళ్ల మీద వేలితో నొక్కి చూసింది. గుంట పడింది. ఆ గుంట పూడేదాకా అక్కడే కూర్చుంది.

జూన్ 22, ఆదివారం

రంజిత్ ఫోన్. సీసా కొన్న ఇళ్లన్నిటికీ తిరిగి తాగొద్దని చెబుతున్నాడట. ఒకరిద్దరు తిట్టారట. ఇంకొకరు, మొన్న మంచిదన్నవు ఇయ్యాల చెడ్డదంటున్నవు, రేపు ఏం తెస్తవ్ అని నవ్వారట. వాడికి కొత్తగా సిగ్గు వచ్చింది. ఎన్నాళ్లుంటుందో చూడాలి.

జూలై 13, ఆదివారం

చెప్పు అచ్చు పడటం తగ్గింది. నురగ సంగతి రాయను, రోజూ చూసుకుంటున్నాను.

ఆగస్టు 18, సోమవారం

హైదరాబాదు. అదే కుర్రడాక్టరు. ఈసారి మొదట్నుంచీ అన్నీ చెప్పాను. సగం గ్లాసు సంగతి చెబుతుంటే కంప్యూటరు వదిలి నన్ను చూశాడు. నవ్వుతాడేమో, నవ్వితే ఏమనాలో సిద్ధంగా ఉన్నాను. నవ్వలేదు.

ప్రోటీన్ చాలా తగ్గింది. క్రియాటినిన్ దిగింది. "వెండి వల్లనే వచ్చిందని రాసివ్వలేనమ్మా. మానేశాక తగ్గింది, అంతవరకే చెప్పగలను. నవంబరులో ఇంకోసారి చూద్దాం. అప్పటికీ బాగుంటే ఆలోచిద్దాం" అన్నాడు. చెప్పలేను అనేవాళ్లలో ఈయన రెండో మనిషి. ఈ ఇద్దరి మాటా వింటున్నాను.

తిరిగి వస్తుంటే కారులో ఆయన అన్నాడు, "ఇగ వద్దు కస్తూరీ. నీది నీకే ఉండనియ్. నాకు గా మిషిన్ చాలు."

"మీరెవలు వద్దనేటందుకు? నా కిడ్నీ ఏమన్న మీ ఆడ్తికొచ్చిన పత్తి బోరెమా, నచ్చకుంటె వాపస్ పంపనీకి?"

"ఇప్పటికే చెడగొట్టిన."

"మీరు మిగిల్చిండ్రు, నేను తాగిన. చెరి సగం."

అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నేనూ అటు చూడలేదు. ఇప్పుడు ఆయన ఏడిస్తే కారులో ఓదార్చే ఓపిక నాకు లేదు.

ఆగస్టు 19, మంగళవారం

పొద్దున ఆయనకు మంచినీళ్లు ఇచ్చాను. చిన్న గ్లాసులో, లెక్క ప్రకారం. తాగి, గ్లాసు నా మొహం ముందు బోర్లించి చూపించాడు.

"చూడు. చుక్క మిగల్లే."

"బోర్లిస్తె అయిపోయిందా? కడిగేదెవలు?" అన్నాను.

లేచి తానే కడిగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి. సబ్బు సరిగా పోలేదు, నేను మళ్లీ కడిగాను.

నవంబరులో పరీక్ష. ఆయన వద్దంటూనే ఉన్నాడు. నాకు భయంగా ఉంది. డిసెంబరులో కూడా ఉండేది, మార్చిలో కూడా ఉండేది. ఇస్తాను.